ఎలక్ట్రిక్ కారు బ్రేక్ పెడల్ మెత్తబడిందా? కారణం పట్టుకుని బాగుచేసే పద్ధతి

ఆ రోజు ఉదయం విశాఖ ఎంవీపీ కాలనీలో ఇంటి నుంచి బయలుదేరేసరికి కారు బ్యాటరీ 100 శాతం ఉంది. ముందురోజు రాత్రి ఛార్జింగ్‌కి పెట్టి మర్చిపోయాను. హనుమంతవాక జంక్షన్ దగ్గర సిగ్నల్ పడింది. మామూలుగా యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, బండి దానంతట అదే నెమ్మదిస్తుంది. ఆ రోజు నెమ్మదించలేదు. బ్రేక్ తొక్కితే పెడల్ సగం దాకా మెత్తగా దిగిపోయింది. కంగారుగా కాలు తీసి మళ్లీ తొక్కాను. రెండోసారి పెడల్ గట్టిగా నిలబడింది, బండి ఆగింది. ముందున్న ఆటోకీ నాకూ మధ్య మూరెడు దూరం కూడా లేదు.

అంతకు రెండు నెలల ముందు ఒక షెడ్‌లో వెనక ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్ మార్పించాను. లోపం అప్పటి నుంచీ ఉంది. రోజూ మోటారే బండిని ఆపుతుండటంతో నాకు తెలియలేదంతే. బండిని నెమ్మదింపజేస్తూ మోటారు కరెంటు తయారుచేస్తుంది, దీన్నే రీజెనరేషన్ అంటారు. బ్యాటరీ నిండుగా ఉంటే ఆ కరెంటుకి పోయే చోటు ఉండదు కాబట్టి ఆ సాయం తగ్గిపోతుంది, భారమంతా ప్యాడ్ల మీద పడుతుంది. పెట్రోలు కారులో ఇలాంటి లోపం షెడ్ గేటు దాటకముందే తెలిసిపోతుంది. ఎలక్ట్రిక్ కారులో నెలల తరబడి దాక్కుంటుంది. ఆ తర్వాత నేను నేర్చుకున్నదంతా వరుసగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. బ్రేక్ ప్యాడ్లు ఎప్పుడూ మార్చని వాళ్లు మొదటి మూడు అంచెలు ఇంట్లో చేసి, కనిపించింది కాగితం మీద రాసుకుని మెకానిక్ దగ్గరికి వెళ్లండి. ఆ కాగితమే సగం పని చేస్తుంది.

మొదటి అంచె: ఎలాంటి మెత్తదనమో తేల్చుకోండి

గాజువాక ఆటోనగర్‌లో నాకు సాయం చేసిన పెద్దాయన కారు వైపు కూడా చూడకుండా ఒకటే అడిగాడు: "ఏటి బాబూ, మొదటిసారి తొక్కితే ఎంత దిగింది? రెండోసారి ఎంత దిగింది? ముందు అది చెప్పండి." సమాధానం అందులోనే ఉంటుందని అప్పుడు నాకు తెలియదు.

చదునైన చోట కారు ఆపి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, పార్కింగ్ బ్రేక్ వేసి, పవర్ ఆఫ్ చేయండి. పెడల్ నాలుగైదు సార్లు తొక్కండి. కాలి బలాన్ని పెంచే వ్యాక్యూమ్ బూస్టర్ ఉన్న కారైతే అందులో మిగిలిన వ్యాక్యూమ్ అయిపోయి పెడల్ గట్టిపడుతుంది. ఇప్పుడు ఓ మోస్తరు బలంతో తొక్కి ముప్పై సెకన్లు అలాగే పట్టుకోండి.

స్పంజి నొక్కినట్టు ఊగుతూ, వెంటవెంటనే తొక్కిన కొద్దీ పైకి లేస్తూ ఉంటే బ్రేక్ ఆయిల్ వెళ్లే లైన్లో గాలి చేరిందని అనుమానించాలి. మొదట బాగానే నిలబడి, కాలు పెట్టి ఉంచితే మెల్లగా నేల వైపు దిగిపోతుంటే ఆయిల్ ఎక్కడో కారుతోంది, లేదా పెడల్ ఒత్తిడిని ఆయిల్‌కి అందించే మాస్టర్ సిలిండర్ లోపలి సీళ్లు పోయాయి. చాలా కిందికి వచ్చాకే పట్టుకున్నా, పట్టుకున్న చోట రాయిలా ఉంటే అది గాలి వల్ల కాదు. వెనక డ్రమ్ బ్రేకులు వదులైనా, చక్రం బేరింగ్ అరిగి డిస్క్ ఊగుతూ ప్యాడ్లను వెనక్కి తోసేస్తున్నా అలా ఉంటుంది.

పెడల్ రాయిలా గట్టిపడి బలమంతా పెట్టి తన్నాల్సి వస్తే అది వేరే రోగం. బూస్టర్ గానీ దానికి వ్యాక్యూమ్ ఇచ్చే ఎలక్ట్రిక్ పంపు గానీ పనిచేయడం లేదన్నమాట. మెత్తటి పెడల్‌కి బూస్టర్ మార్చమని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. బూస్టర్ పోతే పెడల్ గట్టిపడుతుంది గానీ మెత్తబడదు.

లోపం కానివాటిని కూడా ఇక్కడే పక్కన పెట్టాలి. పెడల్ మీద కాలు ఉంచి కారు ఆన్ చేస్తే పెడల్ కొంచెం దిగుతుంది, బానెట్ కింద పంపు గుర్రుమంటుంది. అది బూస్టర్ అందుకుంటున్న గుర్తు. ఆగేముందు చివరి పది కిలోమీటర్ల వేగంలో పెడల్ స్పర్శ మారినట్టు అనిపిస్తే, మోటారు చేతిలోంచి ప్యాడ్ల చేతిలోకి పని మారుతోందని అర్థం. నాకు జరిగినట్టు 100 శాతం ఛార్జింగ్ ఉన్నప్పుడు బండి తక్కువగా నెమ్మదించడం కూడా సహజమే. పెడల్ దిగిపోవడం మాత్రం సహజం కాదు. "ఎలక్ట్రిక్ బండ్లంతే సార్" అని నాకు ఒక చోట చెప్పారు, నమ్మకండి.

పెడల్ నేలదాకా దిగిపోతున్నా, ఎర్ర బ్రేక్ లైటు వెలుగుతున్నా, చక్రం లోపలి వైపు తడిగా ఉన్నా ఇక బండి నడపొద్దు. ఎన్ఏడీ జంక్షన్ దాకానే కదా, మెల్లగా పోదామని అనుకోవద్దు. బండి మొత్తం పైకెక్కించే ఫ్లాట్‌బెడ్ పిలిపించండి. మోటారుకి కలిసిన చక్రాలు రోడ్డు మీద దొర్లుతుండగా ఎలక్ట్రిక్ కారుని లాగితే మోటారు కరెంటు పుట్టిస్తూ పాడయ్యే ప్రమాదం ఉంది.

రెండో అంచె: బ్రేక్ ఆయిల్ ఏం చెబుతోంది

డబ్బా మీద బ్రేక్ ఫ్లూయిడ్ అని ఉంటుంది, మనమంతా బ్రేక్ ఆయిల్ అంటాం. పేరుకే ఆయిల్. నిజంగా ఇంజిన్ ఆయిల్ గానీ మామూలు గ్రీజు గానీ ఇందులో కలిస్తే లోపలి రబ్బరు సీళ్లన్నీ ఉబ్బి పాడవుతాయి. అంతా మార్చుకోవాల్సి వస్తుంది.

ఇంజెక్షన్ సిరంజిలో నీళ్లు నింపి, మూతి వేలితో మూసి నొక్కండి. కదలదు. అందులో చిన్న గాలి బుడగ ఉంచి నొక్కితే పిస్టన్ లోపలికి వెళ్తుంది. బ్రేక్ లైన్లో జరిగేదీ ఇదే. కాలి బలం చక్రానికి చేరకుండా బుడగను నొక్కడానికే సరిపోతుంది.

ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఒళ్లు జిగటగా ఉండే మన విశాఖలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. బ్రేక్ ఆయిల్ రకాలను డాట్ అంకెలతో చెబుతారు. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది నియమం. 3.7 శాతం నీరు చేరాక అదే ఆయిల్‌కి ఆ హద్దు 155 డిగ్రీలు. డాట్ 3కి ఇవి 205, 140. డాట్ 5.1కి 260, 180. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ దిగిపోతుంది, చల్లారాక ఏమీ జరగనట్టు మళ్లీ బాగుంటుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మాత్రమే మెత్తబడి ఇంటికొచ్చాక బాగుంటే ముందు ఆయిల్ వయసు చూడండి.

మనలో చాలామంది కారు తక్కువ తిరిగింది, ప్యాడ్లు అరగలేదు, ఆయిల్ ఎందుకు మార్చడం అంటారు. తేమ కిలోమీటర్లు లెక్కపెట్టదు. ఎక్కువ కార్లకు రెండేళ్లకోసారి మార్చమనే ఉంటుంది, మీ కారు పుస్తకంలో చూసి అదే పాటించండి. రంగు చూసి నిర్ణయించొద్దు. తేనె రంగులో చక్కగా కనిపించే ఆయిల్‌లో కూడా తేమ ఉండొచ్చు. పెన్నులాంటి టెస్టర్లు ఉజ్జాయింపుగా చెబుతాయి. ఆయిల్‌ని వేడిచేసి మరిగే ఉష్ణోగ్రత చూపించే పరికరం ఉన్న షెడ్ దొరికితే దాని మాట నమ్మొచ్చు.

ఏ రకం పోయాలో రిజర్వాయర్ (బానెట్ కింద బ్రేక్ ఆయిల్ నిల్వ ఉండే డబ్బా) మూత మీదే ఉంటుంది. డాట్ 3, 4, 5.1 ఒకే జాతివి. డాట్ 5 మాత్రం సిలికాన్‌ది. అంకె దగ్గరగా ఉంది కదా అని వాటితో కలపకూడదు. సీలు తీసి నెలల తరబడి అలమారాలో పెట్టిన డబ్బా వాడొద్దు.

లెవెల్ తగ్గితే వెంటనే నింపేయకండి. ప్యాడ్లు అరిగినా లెవెల్ మెల్లగా తగ్గుతుంది. ముందు ప్యాడ్లు చూడాలి, అవి మందంగా ఉంటే ఆయిల్ ఎక్కడికి పోతోందో వెతకాలి.

మూడో అంచె: కారడం వెతకడం

టార్చిలైటు పట్టుకుని ఒక్కో చక్రం లోపలి వైపు, ప్యాడ్లను డిస్క్‌కి నొక్కే క్యాలిపర్ దగ్గర, రబ్బరు హోస్‌ల మీద, నేల మీద చూడండి. డ్రమ్ బ్రేకులైతే డ్రమ్ అంచున తడి కనిపిస్తుంది. పెడల్ పైన, కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూడండి. మాస్టర్ సిలిండర్ బూస్టర్‌ని కలిసే చోట కూడా వేలితో తడమండి. కొన్నిసార్లు వెనక సీలు పోయి ఆయిల్ బూస్టర్ లోపలికే కారుతుంది, బయట చుక్క కనిపించదు, లెవెల్ మాత్రం తగ్గుతూనే ఉంటుంది.

బీచ్ రోడ్డు, రుషికొండ, భీమిలి వైపు ఉండేవాళ్లు ఇనప పైపుల్ని ప్రత్యేకంగా చూడాలి. ఉప్పు గాలి కారు కింద పైపులు క్లిప్పులో కూర్చునే చోట తినేస్తుంది. పెచ్చులు లేచిన పైపుని ఇసుక కాగితంతో రుద్ది రంగు వేయడం వల్ల లాభం లేదు. మార్చేయాలి. రబ్బరు హోస్ వెంట పగుళ్లు ఉన్నా, లోపల ఒకరు పెడల్ తొక్కినప్పుడు హోస్ ఉబ్బినట్టు చేతికి తెలిసినా అదీ మార్చాల్సిందే.

నాలుగో అంచె: చక్రాలు విప్పేముందు

ఇక్కడ ఎలక్ట్రిక్ కారు వేరు. కారు కింద నేలంతా బ్యాటరీయే ఉంటుంది. జాకీ తప్పు చోట పెడితే బ్యాటరీ పెట్టెకి సొట్ట పడుతుంది, లోపలి సెల్స్‌కి దెబ్బ తగిలితే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. పుస్తకంలో చూపించిన చోటే జాకీ పెట్టండి, స్టాండ్లు వేయకుండా చక్రం దగ్గర కూర్చోవద్దు. ఆరెంజ్ రంగు కేబుళ్లు హై వోల్టేజీవి, బ్రేక్ పనిలో వాటిని ముట్టుకునే అవసరమే రాదు.

కొన్ని కార్లలో తలుపు తీసినా, తాళం దగ్గరికి వచ్చినా బ్రేక్ వ్యవస్థ నిద్రలేచి లైన్లో ఒత్తిడి పెంచుతుంది. అప్పుడు క్యాలిపర్ విప్పి ఉంటే పిస్టన్ బయటికి తోసుకొస్తుంది, వేళ్లు నలుగుతాయి. అందుకని తాళం దూరంగా పెట్టి, పుస్తకంలో చెప్పిన సర్వీస్ మోడ్‌లో పెట్టండి, లేదా 12 వోల్టుల బ్యాటరీ నెగటివ్ వైరు తీయండి. వెనక ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ ఉంటే దాని మెయింటెనెన్స్ మోడ్ విడిగా ఉంటుంది, వైరు తీసేముందే అందులో పెట్టాలి. అది చేయకుండా పిస్టన్‌ని బలవంతంగా వెనక్కి నొక్కితే లోపలి మోటారు గేర్లు విరుగుతాయి.

పెడల్ తొక్కితే నేరుగా ఆయిల్ కదలకుండా, కంప్యూటర్ చూసి బ్రేక్ వేసే రకం కార్లూ ఉన్నాయి. వాటిలో మీ కాలికి తగిలేది స్ప్రింగుతో తయారుచేసిన స్పర్శ. అది మెత్తబడితే ఇంటి దగ్గర విప్పడానికి ఏమీ లేదు, కారు కంప్యూటర్‌తో మాట్లాడే కంపెనీ స్కానర్ ఉన్న చోటికే తీసుకెళ్లాలి.

ఐదో అంచె: క్యాలిపర్లు, ప్యాడ్లు

గాలి తీయడం మొదలుపెట్టేముందు ఇది చూడకపోతే ఆయిల్ దండగ. ఎలక్ట్రిక్ కారులో ప్యాడ్లకు పని తక్కువ కాబట్టి అవి త్వరగా అరగవు, తుప్పు పట్టి బిగుసుకుంటాయి. క్యాలిపర్ జరగడానికి ఉండే స్లైడ్ పిన్నులు మన ఉప్పు గాలికి ఎండిపోయి పట్టేస్తాయి. ఒక పిన్ను పట్టేస్తే ప్యాడ్ వంకరగా డిస్క్‌ని తాకుతుంది, క్యాలిపర్ కొద్దిగా వంగుతుంది, ఆ వంగడమే కాలికి మెత్తదనంగా తెలుస్తుంది. లైన్లో చుక్క గాలి లేకపోయినా పెడల్ స్పంజిలా ఉండొచ్చు.

పిన్నులు చేత్తో లాగితే రావాలి. పట్టేసినవి తీసి శుభ్రం చేసి, బ్రేకుల కోసమే అమ్మే సిలికాన్ గ్రీజు పలచగా రాసి, రబ్బరు తొడుగులు చిరిగి ఉంటే మార్చండి. ప్యాడ్ ఒకవైపు ఎక్కువ, మరోవైపు తక్కువ అరిగితే పిన్ను పట్టేసినట్టే. ప్యాడ్ మెటీరియల్ 3 మిల్లీమీటర్ల దగ్గరికి వస్తే మార్చేయండి. డిస్క్ కనీస మందం దాని అంచు మీదే చెక్కి ఉంటుంది. పల్చటి ఎర్ర తుప్పు నాలుగు బ్రేకులకే పోతుంది. డిస్క్ మీద పడిన గుంటలు మాత్రం పోవు.

ఇంకొకటి చూడండి. క్యాలిపర్ మీద గాలి తీసే నిపుల్ పై వైపుకి ఉండాలి. ఎడమ, కుడి క్యాలిపర్లు తారుమారుగా బిగిస్తే నిపుల్ కిందికి వస్తుంది, గాలి పైనే ఉండిపోతుంది, ఎన్ని లీటర్లు పోసినా పెడల్ బాగుపడదు.

ఆరో అంచె: గాలి తీయడం

పని సమయంలో కాలూ చెయ్యీ కలవాలి. మా తమ్ముడు సీట్లో కూర్చున్నాడు, నేను చక్రం దగ్గర. ఒకరి మాట ఒకరికి వినపడేలా పాటలు ఆపేయండి. కావలసినవి: సీలు తీయని ఒక లీటరు ఆయిల్, నిపుల్‌కి సరిపోయే పారదర్శక ట్యూబు, ఒక సీసా, నిపుల్ సైజు రింగ్ స్పానర్ (8 నుంచి 11 మధ్య ఏదో ఒకటి ఉంటుంది), గుడ్డలు, బకెట్ నీళ్లు. ఈ ఆయిల్ పెయింటుని తినేస్తుంది, పడిన వెంటనే నీళ్లతో కడగండి.

1. రిజర్వాయర్‌లోని పాత ఆయిల్ సిరంజితో తీసేసి కొత్తది నింపండి. అడుగు మాత్రం బయటపడనివ్వకండి.

2. వరుస పుస్తకంలో చూడండి. కుడిచేతి స్టీరింగ్ కార్లలో మాస్టర్ సిలిండర్ కుడివైపు ఉంటుంది కాబట్టి సాధారణంగా దూరంగా ఉండే వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టి, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి చేస్తారు. కొన్ని కార్లకు వేరే వరుస చెబుతారు, అప్పుడు అదే సరైనది.

3. పెడల్ కింద చిన్న చెక్క ముక్క పెట్టండి. పాత మాస్టర్ సిలిండర్లో పిస్టన్ రోజూ వెళ్లని లోతుకి వెళితే అక్కడి తుప్పు గీసుకుని సీళ్లు చిరుగుతాయి. బాగుచేయబోయి మాస్టర్ సిలిండర్ పోగొట్టుకున్న వాళ్లు చాలామంది ఇక్కడే పోగొట్టుకున్నారు.

4. ట్యూబు నిపుల్‌కి తగిలించి రెండో కొస సీసాలో కొద్దిగా పోసిన ఆయిల్‌లో మునిగేలా పెట్టండి.

5. నేను "తొక్కు" అంటే తమ్ముడు మెల్లగా తొక్కి "తొక్కాను" అనేవాడు. అప్పుడు నిపుల్ పావు చుట్టు విప్పేవాణ్ని. ఆయిల్ బయటికొచ్చి పెడల్ దిగుతుంది. నిపుల్ బిగించాకే "వదులు" అనాలి. ఈ వరుస తప్పితే బయటి గాలిని మనమే లోపలికి లాగినట్టు.

6. బుడగలు ఆగి, కొత్త ఆయిల్ రంగు వచ్చేదాకా చేయండి. నాలుగైదు సార్లకోసారి రిజర్వాయర్ చూడండి. అది ఖాళీ అయితే పని మళ్లీ మొదటికొస్తుంది.

7. నిపుల్ చిన్నది, బలంగా బిగిస్తే విరుగుతుంది. మణికట్టు బలం చాలు. తర్వాత రబ్బరు టోపీ పెట్టండి, లేకపోతే తేమకి తుప్పు పట్టి వచ్చేసారి కదలదు.

కంప్యూటర్ పాత్ర ఎక్కువగా ఉండే బూస్టర్ ఉన్న కార్లలో సర్వీస్ మోడ్ పెట్టకుండా ఇలా తొక్కితే ఎర్రర్ లైట్లు పడతాయి. పుస్తకం చూశాకే మొదలుపెట్టండి.

నాలుగు చక్రాలూ చేశాక కూడా మెత్తగా ఉంటే

నా కథ ఇక్కడే తేలింది. నాలుగు చక్రాల్లోనూ ఒక్క బుడగ రాలేదు, పెడల్ మాత్రం అంతే. ఆటోనగర్ పెద్దాయన చెప్పాక తెలిసింది: పాత ఆయిల్ మార్చిన రోజు రిజర్వాయర్ ఖాళీ అయి గాలి ఏబీఎస్ యూనిట్ (గట్టిగా బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) లోపలికి వెళ్లింది. అందులోని కొన్ని వాల్వులు మామూలప్పుడు మూసుకుని ఉంటాయి. పెడల్ ఎంత తొక్కినా వాటి వెనక ఉన్న గాలి కదలదు. స్కానర్ పెట్టి ఏబీఎస్ బ్లీడింగ్ అని ఎంచుకుంటే, యూనిట్ లోపలి పంపు తిరుగుతూ, వాల్వులు వాటంతటవే తెరుచుకుని మూసుకుంటూ గాలిని లైన్లోకి తోస్తాయి. తర్వాత నాలుగు చక్రాలూ మళ్లీ ఒకసారి చేయాలి. మా కారుకి ఆ పని పట్టింది ముప్పావు గంట. పెడల్ మొదటి తొక్కుకే పైన నిలబడింది. ఆయిల్ మార్పిస్తున్నప్పుడు స్కానర్‌తో చేస్తారా అని ముందే అడగండి, ఆ ప్రశ్న నేను అడిగి ఉంటే హనుమంతవాకలో అంత టెన్షన్ ఉండేది కాదు.

అదీ చేశాక పెడల్ ఊగకుండా మెల్లగా దిగుతూ ఉంటే, ఎక్కడా తడి లేకపోతే, మాస్టర్ సిలిండర్ మార్చాలి. లోపలి సీళ్లు మాత్రం మార్చే కిట్ జోలికి పోకండి. సిలిండర్ లోపలి గోడ మీద గీతలు పడి ఉంటే కొత్త సీళ్లు కూడా నెలల్లో పోతాయి. కొత్తది బిగించేముందు బల్ల మీద పెట్టి అందులోని గాలి తీయడం తప్పనిసరి.

రోడ్డు మీదికి వెళ్లేముందు

చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో పుస్తకంలోని లెక్కకి బిగించండి. బండి కదలకముందే పెడల్ పది సార్లు తొక్కండి. పిస్టన్లు వెనక్కి నొక్కి ఉంటే మొదటి తొక్కులు ఖాళీగా పోతాయి, అది ఇంట్లోనే అయిపోవాలి. తర్వాత వీధిలోనే నడక వేగంలో ఆపి చూడండి. కొత్త ప్యాడ్లు వేస్తే తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద రీజెనరేషన్ తక్కువలో పెట్టి, 50 వేగం నుంచి పది వరకు మెల్లగా తగ్గిస్తూ పది సార్లు చేసి, మధ్యలో చల్లారనివ్వండి. రీజెనరేషన్ ఎక్కువలో ఉంటే ప్యాడ్లు డిస్క్‌కి అలవాటు పడవు, వారాలైనా పట్టు రాదు.

అరకు వెళ్లేవాళ్లకి

మన ఊరి వాళ్లు వారాంతంలో ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కుతారు కాబట్టి ఇది విడిగా చెప్పాలి. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. 1500 కిలోల కారు అంత ఎత్తు నుంచి దిగితే దానిలో దాగిన శక్తి మన కరెంటు బిల్లు లెక్కలో మూడున్నర యూనిట్లు దాటుతుంది. గాలి, టైర్ల రాపిడి కొంత తినేస్తాయి, మిగతాది బ్యాటరీలోకైనా పోవాలి, ప్యాడ్ల వేడిగానైనా మారాలి. అరకు హోటల్లో రాత్రి 100 శాతం ఛార్జ్ చేసి ఉదయం దిగితే బ్యాటరీ తీసుకోదు. పాత ఆయిల్, వేడెక్కిన క్యాలిపర్, వరుస మలుపులు కలిస్తే పెడల్ దిగిపోతుంది. అక్కడ 80, 85 శాతం దగ్గరే ఛార్జింగ్ ఆపండి. సింహాచలం, యారాడ కొండ రోడ్లు చిన్నవే అయినా ఇంట్లో ఛార్జర్ తీసిన వెంటనే వెళ్లేవాళ్లకి ఇదే వర్తిస్తుంది.

దారిలో పెడల్ మెత్తబడితే వెంటవెంటనే తొక్కి ఒత్తిడి తెచ్చుకోండి, రీజెనరేషన్ పెంచండి, పార్కింగ్ బ్రేక్ మెల్లగా వాడండి, పక్కకి ఆపి కనీసం అరగంట చల్లారనివ్వండి. వేడి డిస్క్ మీద నీళ్లు పోయొద్దు, పగులుతుంది. చల్లారాక బాగైంది కదా అని వదిలేయకుండా ఆయిల్ మార్పించండి.

ఇప్పుడు వారానికి ఒకరోజు రీజెనరేషన్ బాగా తగ్గించి ఆఫీసుకి వెళ్తున్నాను. డిస్క్ మీద తుప్పు పోతుంది, పెడల్ నిజమైన స్పర్శ కాలికి తెలుస్తుంది. పని పూర్తయిన రోజు చెక్క స్కేలు పెట్టి, తొక్కకముందు పెడల్ నేలకి ఎంత ఎత్తులో ఉందో, గట్టిగా తొక్కితే ఎంతలో ఆగుతుందో కొలిచి, తేదీతో సహా బానెట్ లోపలి వైపు పెయింట్ మార్కర్‌తో రాశాను. ప్రతి నెలా మొదటి ఆదివారం కొలుస్తాను. రెండో అంకె అర సెంటీమీటరు తగ్గినా ఆ రోజే చక్రాలు విప్పుతాను.